జయంతి రాసిన నూట పన్నెండు పోస్టులు

కొండగెడ్డ డిగ్రీ కాలేజీలో పైల నరసింగరావు అనే అర్థశాస్త్రం మాస్టారు ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, అంకె కనబడితే తప్ప దేన్నీ నమ్మేవాడు కాదు. ఎండ మండిపోతోందని ఎవరైనా అంటే "ఎన్ని డిగ్రీలు?" అని అడిగేవాడు. పాఠం అర్థమైంది సార్ అని పిల్లలంటే "ఎంత శాతం?" అనేవాడు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడగడం ఆయన భార్య ఎప్పుడో మానేసింది.

ఆయన క్లాసులో అరవై రెండు మంది ఉండేవారు. బస్టాండు వీధి దుకాణదారుల పిల్లలు, దిగువ ఊళ్ళ రైతుల పిల్లలు, ఒడిశా సరిహద్దు నుంచి వచ్చి తెలుగు కూడబలుక్కుని చదివే ఇద్దరు ముగ్గురు, కొండమీది ఊళ్ళ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఆడపిల్లలు. ఇంతమందిలో క్లాసులో నోరు విప్పేది నలుగురే, ఆ నలుగురూ బస్టాండు వీధివాళ్ళే. మిగతావాళ్ళు పేరు పెట్టి పిలిస్తే లేచేవారు, నేల చూసేవారు, కూర్చునేవారు. వీళ్ళందరి చేతా ఎలాగైనా మాట్లాడించాలని మాస్టారు పట్టు పట్టాడు. ఆ ఆలోచన మంచిదే, దాన్ని కాదనకూడదు.

కాలేజీ యాప్‌లో చర్చకని ఒక పేజీ ఉంది. వారానికో అంశం ఇస్తానని, ప్రతి ఒక్కరూ తమ అభిప్రాయం ఒకటి రాసి, ఇంకో ఇద్దరి అభిప్రాయాలకు జవాబు రాయాలని మాస్టారు క్లాసులో చెప్పాడు. దానికి పదిహేను మార్కులు. ఒకే ఫోనులో ఇద్దరి పేర్లు కనబడితే కాపీ కిందే లెక్క, ఇద్దరికీ సున్నా అని హెచ్చరించాడు. అనుమానాలంటూ తన గదికి రావద్దని, ఏమున్నా అక్కడే రాయమని కూడా చెప్పాడు. పిల్లలు బుద్ధిగా తలలూపారు.

రాయడం మొదలుపెట్టారు. అమ్మో, ఏం రాశారు! మొదటి వారమే రెండు వందల పోస్టులు దాటాయి. మరి మాస్టారు అవన్నీ చదివాడా అంటే, ఏం చెప్పమంటారు? రోజూ పొద్దున టీ తాగుతూ ఫోను తెరిచేవాడు. వరసగా ప్రతి పోస్టుకూ ఒక లైకు కొట్టుకుంటూ పోయేవాడు. పిల్లలకు ఉత్సాహంగా ఉంటుందని ఆయన ఉద్దేశం. ఆ తర్వాత పేరు పక్కన యాప్ చూపించే అంకెను పొడుగు నోటుబుక్కులో ఎక్కించేవాడు. అంకెలు పెరుగుతున్నకొద్దీ ఆయన ముఖం చేటంత అయ్యేది.

పన్నెండు వారాలయ్యాక లెక్క తేల్చాడు. అందరికంటే ఎక్కువ రాసింది నిమ్మక జయంతి, నూట పన్నెండు పోస్టులు. క్లాసులో ఏనాడూ తలెత్తని హాస్టలు పిల్ల. మాస్టారి ఆనందం ఇంతా అంతా కాదు, స్టాఫ్ రూములో కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. రెండోవాడు బస్టాండు వీధి మోహిత్, తొంభై ఏడు. అసలు ఒక్క అక్షరం రాయనివాళ్ళు నలుగురు తేలారు. ఆ నలుగురూ జయంతి గదిలో ఉండే ఆడపిల్లలే. ఒకే గది, ఒకే అన్నం, ఒకతెకు నూట పన్నెండు, నలుగురికి సున్నా! ఇదేమిటని ఇంకెవరైనా అయితే ఒక్క క్షణం ఆగేవారు. మాస్టారు ఆగలేదు. అంకె తేలాక ఇంక ఆలోచన ఎందుకు?

సోమవారం నోటీసు బోర్డు మీద జాబితా అంటించాడు. చర్చలో పాల్గొనని ఈ నలుగురినీ సెమిస్టరు పరీక్షకు అనుమతించవద్దని శుక్రవారం ప్రిన్సిపాలుకు సిఫారసు చేస్తున్నట్టు అందులో రాశాడు. మొదటి పేరు పువ్వల దమయంతిది. ఆమె ఊళ్ళో డిగ్రీ దాకా వచ్చిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. పరీక్ష పోతే హాస్టల్లో చోటు పోతుంది, హాస్టలు పోతే చదువు పోతుంది. దమయంతి ఆ జాబితా మూడుసార్లు చదివింది. మర్నాడు పొద్దున్నే సంచి సర్దుకుని, కొండమీదికి వెళ్ళే జీపు ఎక్కేసింది. మాస్టారికి ఈ సంగతి తెలియదు.

ఆ మంగళవారమే ప్రిన్సిపాలు మాస్టారిని పిలిచాడు. శనివారం కాలేజీని చూడడానికి కమిటీ వస్తోందని, చర్చలో అందరికంటే చురుకైన విద్యార్థి రాసినవి మూడు పోస్టులు తీసి చదివి వినిపించాలని చెప్పాడు. మాస్టారు హుషారుగా స్టాఫ్ రూముకు వచ్చి కూర్చుని, జయంతి పేరు నొక్కి, జీవితంలో మొదటిసారిగా చదవడం మొదలుపెట్టాడు.

మొదట కనబడిన అంశం, సంతలో దళారీ అవసరమా అని. జయంతి ఇలా రాసింది: "దళారీ వద్దు. మా నాన్న అనాసపళ్ళు కావిడి వేసుకుని సంతకు తెస్తే, దిగువనే ఆపి వాళ్ళు చెప్పిందే ధర అంటారు." భేష్ అనుకున్నాడు మాస్టారు. పావుగంట తర్వాత అదే జయంతి మళ్ళీ రాసింది: "దళారీ కావాలి. మా నాన్న పోయి ఆరేళ్ళయింది. వానాకాలంలో మా అమ్మ పండించిన పసుపు కొనడానికి అతను తప్ప మా ఊరికి ఎవరూ రారు." మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. పావుగంట కింద అనాసపళ్ళు మోసిన నాన్న ఆరేళ్ళ కింద పోవడమేమిటి? ఇంకా కిందికి వెళ్తే జయంతి జయంతికే జవాబిచ్చింది: "నువ్వు చెప్పింది తప్పు. మీ ఊరి మాట నీకు తెలుసు, మా ఊరి మాట నాకు తెలుసు." దాని కింద మళ్ళీ జయంతే: "మీరిద్దరూ ఆగండి, నేను చెప్తాను."

మాస్టారికి బుర్ర గిర్రున తిరిగింది. తన మీద తనే పోట్లాడుకుని, మధ్యలో తనే సర్దిచెప్పే పిల్లను ఆయన ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో చూడలేదు. ఇంకో అంశం తీశాడు. అక్కడ జయంతి ఆరుగురు పిల్లల్లో చిన్నది. మరో అంశం తీశాడు. అక్కడ ఆమె ఇంటికి ఒక్కతే కూతురు. ఏం చేస్తాడు పాపం, అలవాటు కొద్దీ నోటుబుక్కు తీసి లెక్క వేశాడు. ఊళ్ళు నాలుగు తేలాయి. నాన్నలు ముగ్గురు తేలారు, అందులో ఒకాయన లేడు. లెక్క వేసినకొద్దీ అయోమయం పెరిగింది. కనీసం మోహిత్ అయినా తిన్నగా రాశాడేమోనని అతని పేరు నొక్కాడు. తొంభై ఏడింటిలోనూ ఒకటే మాట: "నేను ఏకీభవిస్తున్నాను." దళారీ వద్దన్న పోస్టు కిందా అదే, దళారీ కావాలన్న పోస్టు కిందా అదే.

ఎదురు కుర్చీలో తెలుగు చెప్పే వరహాలమ్మ మేడం కూర్చుని పేపర్లు దిద్దుకుంటోంది. మాస్టారు ఫోను ఆమెకు చూపించి, ఈ పిల్లకు మతి చెదిరిందా, లేక ఎవరిచేతనైనా రాయిస్తోందా అని అడిగాడు.

"నన్నడిగితే ఏం లాభం మాస్టారూ? ఆ పిల్ల ఎదురుగా క్లాసులోనే ఉంటుంది కదా. పిలిచి అడగండి."

"నా గదికి ఎవరూ రాకూడదని రూలు పెట్టాను మేడం."

"పెట్టింది మీరే కదా, తీసేది కూడా మీరే."

బుధవారం జయంతి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మని మాస్టారు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"ఇవన్నీ నువ్వే రాశావా?" అన్నాడు.

"నేనే కొట్టాను సార్. ఫోను నాదే."

"మీ నాన్న ఉన్నారా?"

"ఉన్నారు సార్. అనాసతోట చూసుకుంటారు."

"మరి పోయి ఆరేళ్ళయిందని రాశావేం?"

"అది దమయంతివాళ్ళ నాన్న సార్."

"దమయంతి నాన్న గురించి నువ్వెందుకు రాశావు?"

"దమయంతి చెప్పింది సార్."

"చెప్పేదేదో తనే రాయొచ్చుగా?"

జయంతి ఆయన్ను వింతగా చూసింది. "రాసింది కదా సార్. ఇదే."

మాస్టారికి తల ఎక్కడుందో తోక ఎక్కడుందో తెలియలేదు. జయంతి కూడా అయోమయంలో పడింది, ఇంత చిన్న విషయం ఇంత చదువుకున్నాయనకు ఎందుకు అర్థం కావడం లేదా అని. చివరికి మెల్లగా విడమరిచి చెప్పింది. గదిలో తాము అయిదుగురు, ఉన్నది ఒకటే ఫోను. ఒకే ఫోనులో ఇద్దరి పేర్లు కనబడితే సున్నా అన్నారు గనుక ఒక్క పేరే పెట్టుకున్నారు. రోజూ సాయంత్రం అన్నాలకు ముందు ఫోను మధ్యలో పెట్టుకుని వాదించుకునేవారు. ఎవరు ఏమంటే అది ఆమె కొట్టేది. అందరికంటే గట్టిగా వాదించేది దమయంతి. అందరిదీ ఒకే అభిప్రాయం అని రాసేస్తే పని తొందరగా అయిపోతుందని ఒకమ్మాయి అంటే, ఎవరి మాట వాళ్ళదిగానే ఉండాలని దమయంతి ఒప్పుకోలేదట.

"ఈ సంగతి నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" మాస్టారి గొంతు తగ్గిపోయింది.

"చెప్పాం సార్. ఏమున్నా అక్కడే రాయమన్నారని మొదటి రోజే రాశాం."

మాస్టారు వేలితో పైకి జరుపుకుంటూ మొదటి రోజుకు వెళ్ళాడు. ఉంది. "సార్, మేం అయిదుగురం, ఒకటే ఫోను. అందరి మాటలూ ఈ పేరు మీదే రాస్తాం. ఇలా రాయడం తప్పయితే దయచేసి చెప్పండి." దాని కింద అయిదుగురి పేర్లు, రోల్ నంబర్లు. ఆ కింద మాస్టారు కొట్టిన లైకు.

"మీరు సరేనన్నారనుకున్నాం సార్," అంది జయంతి.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. పన్నెండు వారాలు ఆ పిల్లలు తనతో మాట్లాడుతూనే ఉన్నారు, తనే చెవులు మూసుకుని కూర్చుని వాళ్ళను మూగవాళ్ళని జాబితాకెక్కించాడు. దమయంతిని పిలుచుకు రమ్మన్నాడు. ఆమె నిన్ననే ఊరెళ్ళిపోయిందని జయంతి చెప్పింది. వెళ్ళేముందు ఒక్క మాటే అందట, సార్ అన్నీ చూసి కూడా మనవి మాటలే కావన్నారు, ఇంక ఇక్కడ ఏం చెయ్యాలి అని.

ఆ సాయంత్రమే ఆయన ప్రిన్సిపాలు ముందు ఒక కాగితం పెట్టాడు. విద్యార్థినుల తప్పేమీ లేదని, తాను చదవకుండా లెక్కపెట్టానని, జాబితా వెనక్కి తీసుకుంటున్నానని సొంత చేత్తో రాశాడు. కమిటీ వచ్చే ముందు ఇదేం ఖర్మ అని ప్రిన్సిపాలు విసుక్కున్నాడు. మాస్టారు నిలబడి అంతా పడ్డాడు. పడాల్సిందే మరి.

గురువారం పొద్దున వరహాలమ్మ మేడాన్ని వెంటబెట్టుకుని దమయంతి ఊరు బయలుదేరాడు. జీపు దిగాక గంటన్నర నడక. ఎక్కేటప్పుడు మాస్టారు నాలుగుచోట్ల కూర్చున్నాడు. దమయంతి తల్లితో కలిసి పసుపు చేలో కలుపు తీస్తోంది. వీళ్ళను చూసి లేచి నిలబడింది, క్లాసులోలాగే నేల చూసింది.

"తప్పు నాదమ్మా. నీ పేరు తీయించేశాను. పరీక్ష రాద్దువుగాని, రా," అన్నాడు మాస్టారు.

ఆమె కదలలేదు. "నేను రాసింది చదివారా సార్?" అంది.

"నిన్న రాత్రికల్లా మొత్తం చదివాను."

"ఎలా ఉంది?"

బాగుందని అనేస్తే పని అయిపోయేది. మాస్టారు ఆ మాట అనలేదు. "ఒకచోట నేను ఒప్పుకోను. దళారీ తప్ప మీ ఊరికి ఎవరూ రారన్నావు. చుట్టుపక్కల అయిదూళ్ళవాళ్ళు కలిసి సొంతంగా జీపు మాట్లాడుకుంటే దళారీ ఎందుకు?"

దమయంతి తలెత్తింది. మూడేళ్ళలో ఆయన ఆమె కళ్ళు చూడడం అదే మొదలు.

"జీపు ఎక్కడిదాకా వస్తుంది సార్? మీరిప్పుడు ఎలా వచ్చారు?"

మాస్టారు చెమటతో తడిసి ముద్దయిన తన చొక్కా చూసుకున్నాడు. దమయంతి తల్లి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వరహాలమ్మ మేడం అదీ పెట్టుకోకుండానే నవ్వింది. దమయంతి చేతులు కడుక్కుని వెళ్ళి సంచి తెచ్చుకుంది. దిగువకు వచ్చినంతసేపూ గురువూ శిష్యురాలూ దళారీ గురించి వాదించుకుంటూనే వచ్చారు. మాస్టారు రెండుసార్లు ఓడిపోయాడు, ఒక్కసారి గెలిచాడు. ఆ గెలుపు కూడా ఆ పిల్ల పోనీలెమ్మని ఇచ్చిందేమోనని ఆయనకు ఇప్పటికీ అనుమానమే.

పదిమందిని మాట్లాడమని పిలిచినవాడు ముందు తన చెవులు తెరిచి కూర్చోవాలి. గొంతులు లెక్కపెట్టుకుంటూ పోయేవాడికి ఒక్క మాటా వినపడదు.