ఆవిరి గదిలో టౌనో

సన్యాసయ్య మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు దొరకదు, ఏదో ఒక సంగతి దొరుకుతుంది. విశాఖపట్నం రేవు వెనక రేకుల షెడ్డులో నలభై ఏళ్లుగా బాక్సింగు నేర్పుతున్న మనిషి ఆయన. అరుస్తాడు, తిడతాడు, కాళ్లు సరిగ్గా పడకపోతే పెద్దా చిన్నా చూడకుండా షెడ్డు చుట్టూ పరిగెత్తిస్తాడు. వాదించడం మాత్రం ఆయనకు చేతకాదు.

ఆ మధ్యాహ్నం నూకరత్నం లోపలికి వచ్చిన తీరు చూసి సంచులు గుద్దుతున్నవాళ్లు ఆగిపోయారు. మర్నాడు ఆమెకు రాష్ట్ర స్థాయి ఫైనల్. గెలిస్తే జాతీయ శిబిరానికి పిలుపు వస్తుంది. ఇరవై ఎనిమిదేళ్లొచ్చాయి, ఈసారి పోతే ఇక పిలిచేవాళ్లుండరు. ఆ పొద్దున బరువులు తూచేచోట అవతలి అమ్మాయి నలుగురూ వినేలా ఒక మాట అంది. "జాలరిపేట రత్నం వచ్చిందో లేదో చూడక్కర్లేదు, వాసన చెబుతుంది" అని. అక్కడున్నవాళ్లు నవ్వారు.

"మాస్టారూ, అది దిగిన లాడ్జి ఎక్కడో కనుక్కున్నాను. ఒక్క గంటలో వచ్చేస్తాను" అంది రత్నం.

"ఎల్లి ఏటి సేస్తావు?"

"గది ముందు నిలబడి కడిగేసి వస్తాను. మా అమ్మ చేపల గంప మోసి నన్ను పెంచింది. ఆ గంపని అంటే నేను పడాలా?"

"సెయ్యి కూడా సేసుకుంటావా?"

"అది దాని నోటిని బట్టి ఉంటుంది."

షెడ్డులో ఎవరో ఈల వేశారు. మాస్టారు అటు చూడగానే ఈల ఆగిపోయింది.

"మీరే చెప్పండి మాస్టారూ. ఇంత మాట పడి ఊరుకోవడం పిరికితనం కాదా?"

సన్యాసయ్య బల్ల మీద చోటిచ్చి ఆమెను కూర్చోబెట్టాడు. "మా టౌనో కూడా ఇదే అడిగాడమ్మా" అని మొదలుపెట్టాడు. ఆయన చెప్పిన సంగతి ఇది.

టౌనో ఫిన్లాండు దేశపు బాక్సరు. కోట్కా అనే రేవు ఊళ్లో ఓడల్లోకి కాగితపు బేళ్లు ఎత్తే కూలీగా మొదలుపెట్టి, పంతొమ్మిదో ఏట బాక్సింగునే వృత్తి చేసుకున్నాడు. ముప్పై ఒక్క పోటీలాడితే ఇరవై తొమ్మిది గెలిచాడు. అయినా యూరప్ టైటిల్‌కి పోటీ పడే అవకాశం ఏడేళ్లపాటు దొరకలేదు. ఛాంపియన్లు ఆ చలిదేశానికి రాలేమనేవారు, తమ ఊళ్లకు ఇతన్ని రానిచ్చేవారు కాదు. నేవీలో బాక్సింగు నేర్చి సరుకు ఓడ ఎక్కిన సన్యాసయ్య, ఓడ మరమ్మతుకు వచ్చి కోట్కాలో ఆగిపోయిన చలికాలంలో టౌనోకి ప్రాక్టీసు జోడీ అయ్యాడు. మూడు నెలలు రోజూ ఆ గుద్దులు తిన్నాడు. అలా తిన్నవాడికి తెలుస్తుంది గుద్దేవాడి సత్తా. ఈసారి యూరప్ టైటిల్ ఇతనిదేనని ఓడలో అందరితోనూ పందెం కాశాడు.

ఎందుకంటే ఆ చలికాలమే అవకాశం వచ్చింది. అప్పటికి యూరప్ టైటిల్ చేతిలో ఉన్న సిల్వానో అనే ఇటలీవాడు హెల్సింకీకి వచ్చి ఆడటానికి ఒప్పుకున్నాడు. కోట్కా నుంచి రెండు రైళ్ల నిండా జనం బయలుదేరారు. పోటీ ముందురోజు విలేకరుల ముందు సిల్వానో నవ్వుతూ ఒక మాట వదిలాడు. "మంచులో పుట్టినవాళ్ల రక్తం కూడా చల్లగానే ఉంటుందిట కదా!"

టౌనో మెడ మీద నరం లేచింది. సన్యాసయ్య చూశాడు.

ఆ రోజుల్లో పోటీ రోజు పొద్దునే బరువు తూచేవారు. టౌనో ఆరువందల గ్రాములు ఎక్కువున్నాడు. అదేమంత పెద్ద పని కాదు. ఫిన్లాండులో దానికి సౌనా ఉంది. చెక్కలతో కట్టిన గది, మూల కాలిన రాళ్ల పొయ్యి, మెట్లలా పైకీ కిందకీ బల్లలు, పైకి పోయేకొద్దీ వేడి ఎక్కువ. రాళ్ల మీద నీళ్లు పోస్తే ఆవిరి కమ్ముకుంటుంది. మనం ఎండలో ఎలా పెరిగామో వాళ్లు ఆ ఆవిరిలో అలా పెరుగుతారు. ఆ గదికొక మర్యాద ఉంది. అక్కడ గొంతు పెంచరు, పంతాలకు పోరు. చాలనుకున్నవాడు లేచి వెళ్లిపోతే ఎందుకని ఎవరూ అడగరు.

టౌనో, సన్యాసయ్య అన్నిటికంటే పై బల్ల మీద కూర్చున్నారు. టౌనో శిక్షకుడు, ముసలి ఒలావి, గడియారం పట్టుకుని తలుపు బయట నిలబడ్డాడు. పావుగంట గడిచింది. "చాలు, దిగండి" అని ఒలావి తలుపు తట్టాడు. టౌనో లేవబోతున్నాడు. సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని సిల్వానో లోపలికి వచ్చాడు.

నెత్తిన తడిగుడ్డ వేసుకుని వచ్చాడు. తలుపు పక్కన కింది బల్ల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. చుట్టూ చూసి వచ్చీరాని ఇంగ్లిషులో అన్నాడు, "ఏమిటి, వెళ్లిపోతున్నావా? నేనింకా ఇప్పుడే వచ్చాను."

టౌనో మళ్లీ కూర్చున్నాడు.

"టౌనో!" అని బయటినుంచి ఒలావి.

"ముందు అతన్ని లేవనియ్యి."

"నీ బరువు దిగిపోయుంటుందిరా, రా!"

"ఊరుకుంటే పిరికివాణ్ని కానా?" అన్నాడు టౌనో. గరిటెడు నీళ్లు తీసి రాళ్ల మీద కొట్టాడు. రాళ్లు బుస్సుమన్నాయి. సిల్వానో ఈల పాట మొదలుపెట్టాడు. టౌనో ఇంకో గరిటె కొట్టాడు. సన్యాసయ్యకు చెవులు కాలిపోతున్నాయి, ఊపిరి తీస్తే ముక్కులో నిప్పు పెట్టినట్టుంది. కానీ లేవాలనిపించలేదు. ఏం లేస్తాడు! అటువంటి పోటీ జన్మలో చూడలేదాయె. ఒక ఫిన్లాండు వాణ్ని సౌనాలో ఓడించడానికి ఒక ఇటలీవాడు వచ్చాడు! కబురు క్షణాల్లో బయటికి పాకింది. అద్దపు కిటికీకి ముఖాలు అతుక్కున్నాయి. ఎన్నడూ గొంతు లేవని ఆ చోట "టౌనో! టౌనో!" అని కేకలు. ముసలి ఒలావి ఒక్కడే తలుపు గుద్దుతూ తిడుతున్నాడు. ఆ తిట్లు ఎవరికీ వినపడలేదు.

సన్యాసయ్య కూడా అరిచాడు. తన చేత్తో గరిటె అందించాడు. ఆ మాట చెబుతూ మాస్టారు తన అరచేతి వైపు చూసుకున్నాడు.

ఇంకో ఇరవై నిమిషాలు. సిల్వానో ఈల ఆగింది. గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు, లేచాడు, రెండు చేతులూ పైకెత్తి ఓటమి ఒప్పుకున్నట్టు తల వంచి తలుపు తోసుకుని వెళ్లిపోయాడు. భవనం దద్దరిల్లింది. టౌనో పై బల్ల మీద నిలబడి పిడికిళ్లు ఎత్తాడు. కోట్కా కూలీలు అతన్ని ఒంటిమీద బట్ట లేకుండానే భుజాల మీద మోసుకెళ్లి మంచులో పొర్లించారు. సన్యాసయ్య మంచులో గంతులేశాడు. మధ్యాహ్నం దాకా వీధి వీధినా అదే కథ. టౌనో పడుకోలేదు. ఎలా పడుకుంటాడు, ప్రతివాడూ చెయ్యి కలపడానికి వస్తుంటే!

ఆ పొద్దునే సౌనా నుంచి వచ్చి మళ్లీ త్రాసు ఎక్కినప్పుడు టౌనో ఉండాల్సినదానికి ముప్పావు కిలో తక్కువ తూగాడు. ఒలావి ఆ ముల్లునే చూస్తూ నిలబడ్డాడు. పక్కనే ఇటలీ శిక్షకుడు నారింజ పండు ఒలుస్తున్నాడు. "మీవాడు బరువు దించుకోవడానికి మా సౌనాయే దొరికిందా?" అని ఒలావి అడిగితే అతను ఆశ్చర్యపోయాడు.

"మావాడి బరువు రాత్రే సరిపోయింది. అతనికి ఆ గదిలో పనేం లేదు."

సాయంత్రం ఏడు రౌండ్ల దాకా టౌనో ముందున్నాడు. ఆ ఎడమచేతి గుద్దులు! హాలంతా లేచి నిలబడింది, టైటిల్ వచ్చేసిందనుకున్నారు. ఎనిమిదో రౌండులో మోకాళ్లు అతని మాట వినడం మానేశాయి. పొద్దంతా పడుకుని లేచిన సిల్వానో తొందరపడలేదు. పదకొండో రౌండులో టౌనో పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. ఇక ఆట ఆపమని ఒలావి రింగులోకి తువ్వాలు విసిరాడు. ఆ తర్వాత టౌనో నాలుగు పోటీలాడి రెండు గెలిచాడు. టైటిల్ పోటీకి మళ్లీ ఎవరూ పిలవలేదు. తిరిగి రేవులో బేళ్లు ఎత్తాడు.

సన్యాసయ్య చెప్పడం ఆపేసరికి షెడ్డులో వాళ్లంతా బల్ల చుట్టూ చేరిపోయి ఉన్నారు. రత్నం ముందుకు వంగి కూర్చుంది.

"అయితే నన్ను లాడ్జికి వెళ్లొద్దంటారు."

"నానెప్పుడన్నాను? ఎల్లాలనుంటే ఎల్లు, ఆటో నానే పిలుస్తాను."

"మరి ఆ టౌనో కథంతా ఎందుకు చెప్పారు మాస్టారూ? ఓడిపోయినవాడి కథ!"

"ఓడిపోవడమేటి?" మాస్టారు కస్సుమన్నాడు. "ఆ పొద్దున గెలిచింది టౌనోయేనమ్మా. నా కళ్లతో సూశాను."