జాలయ్య పేకలో రాజుగారు

ఈదులగుంట ఊళ్ళో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే ఉందని జాలయ్యకూ, అతనింట్లో వాళ్ళకూ గట్టి నమ్మకం. వానలో విప్పితే గొడుగు తడిసి పాడైపోతుందని చంకలో పెట్టుకుని నడిచే బుర్ర ఇంకెవరికుంటుంది? ఊళ్ళోవాళ్ళు నవ్వితే, "పాపం, కుళ్ళు" అని జాలిపడేవాడు జాలయ్య.

అతను బొమ్మలకు రంగులు వేస్తాడు. చెయ్యి మంచిది. జాతరలో బొమ్మల అంగడి పెట్టే రత్తయ్య శెట్టి ఓ రోజు పిలిచాడు.

"జాలయ్యా, పాత పేకే ఆడి ఆడి జనానికి విసుగొచ్చింది. కొత్త ఆట ఒకటి కట్టు. ముక్కల మీద నీ బొమ్మలుండాలి. ఊరికే బొమ్మలైతే చాలదు, ఒక్కొక్కరికీ ఓ కథ ఉండాలి. వాడెవడు, ఎక్కణ్ణుంచి వచ్చాడు, వాడి కష్టమేంటి, అన్నీ ఆలోచించు. జాతరకి పట్టుకొచ్చావంటే ఏడాదంతా నీకు పనిస్తా."

ఈ పని దొరక్కపోతే జాలయ్యకి బావమరిది వీరాస్వామి ఇటుకబట్టీయే గతి. "బొమ్మలు కూడు పెడతాయా బావా? వచ్చి ఇటుకలు మొయ్యి" అని వీరాస్వామి కనబడ్డప్పుడల్లా ఎగతాళి చేసేవాడు. ఆ మాట తలుచుకుంటేనే జాలయ్యకు ఒళ్ళు మండేది. చచ్చినా ఆ బట్టీలో ఇటుక ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు.

సిపాయినీ, దొంగనీ, రాణినీ, రాజునీ గీశాడు. అందరూ కళకళలాడిపోతున్నారు. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని కథలల్లడం మొదలెట్టారు.

"ఈ సిపాయి యుద్ధంలోంచి తిరిగొస్తున్నాడన్నయ్యా. తిండి తిని ఎన్నాళ్ళయిందో!" అన్నాడు తమ్ముడు సోములు.

అంతే. తల్లి కోటమ్మ గుండె బాదుకుంది. "ఎవరు కన్న బిడ్డో! ఆకలితో ఉన్నవాణ్ణి ఎదురుగా పెట్టుకుని కబుర్లాడతార్రా?" అని పెరుగన్నం కలిపి సిపాయి నోటికి పెట్టింది. తినలేదు. మొహమాటపడుతున్నాడని ఇంకో ముద్ద కుక్కింది. రంగు కరిగి, మీసం కాస్తా అన్నంలో కలిసిపోయింది.

"మీసం పోయిందే అమ్మా!"

"పోతే పోయింది. ఆ మొహంలో కళ చూడరా, కడుపు నిండింది!"

తర్వాత దొంగ. మంచాన పడ్డ తల్లికి మందు కొనడానికి దొంగయ్యాడని జాలయ్యే కథ అల్లాడు. చెబుతూ చెబుతూ తనే ఏడ్చాడు. "తల్లి అక్కడ మూలుగుతుంటే వీణ్ణి ఇక్కడ ఆపడం పాపంరా" అంది కోటమ్మ. ఇంకేముంది, అందరూ కాలవగట్టుకి వెళ్ళి దొంగను గాలికి వదిలేశారు. వాడు నీళ్ళలో పడి గిరగిరా తిరుగుతూ కొట్టుకుపోయాడు. "చూశారా, ఎంత తొందరో!" అని సోములు కళ్ళు తుడుచుకున్నాడు.

రాణి కథ జాలయ్య భార్య మంగతాయి చెప్పింది. పెళ్ళయ్యాక రాణిగారు పుట్టింటి మొహమే చూడలేదట. ఆ మాటంటూ మొగుడి వంక అదోలా చూసింది. జాలయ్య ఉలిక్కిపడ్డాడు. "రాణిగారిని ఇప్పుడే పంపించేద్దాం!" అన్నాడు. పసుపూ, కుంకుమా, రవికెగుడ్డా పెట్టి, రాణిని బస్సు కండక్టరు చేతిలో పెట్టారు.

"ఏ ఊరమ్మా?" అన్నాడు కండక్టరు.

"ఊరు మేమింకా అనుకోలేదు బాబూ. దారిలో ఆవిడే చెబుతుంది. కిటికీ పక్కన కూర్చోబెట్టు" అంది మంగతాయి.

జాతరనాడు జాలయ్య తెచ్చిన మూట శెట్టి విప్పితే రెండే ముక్కలున్నాయి. పెరుగు వాసన కొట్టే మీసంలేని సిపాయి, పక్కన రాజు.

"మిగతావాళ్ళేరయ్యా?"

జాలయ్య కళ్ళముందు ఇటుకలు కదిలాయి. జరిగింది జరిగినట్టు చెప్పాడు. చుట్టూ జనం మూగారు. పొట్టలు పట్టుకుని నవ్వారు. దొంగ తల్లికి ఎలా ఉందని ఒకావిడ నిజంగానే అడిగింది. శెట్టికి నవ్వీ నవ్వీ పొలమారింది.

"ఆట ఎలా ఆడాలో నేను చూసుకుంటాలే. నీ కథలకే ఇంత జనం మూగారు, పని నీదే! రేపొచ్చి, పోయినవాళ్ళందర్నీ మళ్ళీ గియ్యి. అవునూ, ఈ రాజుకేం కష్టం?"

"శత్రువులు కోట కూల్చేశారు శెట్టిగారూ. తలదాచుకునే చోటు లేదు" అని జాలయ్య ఠక్కున నాలిక్కరుచుకున్నాడు. ఎండ మాడ్చేస్తోంది. పాపం, రాజుగారు ఎండలోనే ఉన్నారు.

మర్నాడు శెట్టి పొద్దెక్కేదాకా ఎదురుచూశాడు. జాలయ్య రాలేదు. అతను వీరాస్వామి బట్టీలో, నెత్తిన ఇటుకలతో ఉన్నాడు. వెనక సోములూ, మంగతాయీ కూడా మోస్తున్నారు. కోటమ్మ మొట్టమొదటిసారి గొడుగు విప్పి, జాతర నుంచి వెంటబెట్టుకొచ్చిన రాజుగారికి పట్టుకుంది.

వీరాస్వామి నోరు తెరిచాడు. "ఏం బావా, దారికొచ్చావా? కూలెంత ఇమ్మంటావు?"

"కూలెందుకోయ్! రాజుగారి కోటకి సరిపడా ఇటుకలియ్యి, చాలు. కోట లేచేదాకా రోజూ వచ్చి మోస్తాం" అన్నాడు జాలయ్య. ఆపైన మొహం చేటంత చేసుకుని అసలు కబురు చెప్పాడు. "ఇంకో సంగతి విన్నావా? శెట్టిగారు నాకు పనిచ్చారు. ఇంక జన్మలో నీ బట్టీలో ఇటుకలు మోసే ఖర్మ నాకు లేదు!"