పాము కరిచిన మాస్టారు

పార్వతీపురంలో పైడితల్లి పగలంతా మందుల షాపులో పనిచేసేది. తీరిక దొరికితే ఒక్కతే కూర్చుని చిన్న చిన్న వెబ్‌సైట్లు కట్టేది. చుట్టుపక్కల ఏ ఆసుపత్రిలో పాముకాటు మందు ఉందో చెప్పే సైటు ఒకటి ముచ్చటపడి తయారుచేసింది. రోజూ ఆసుపత్రులకు తనే ఫోన్ చేసి కనుక్కుని అందులో పెట్టేది. అయినా చూడటానికి వచ్చినవాళ్ళు గుమ్మంలోంచే వెనక్కి తిరిగినట్టు వెళ్ళిపోతున్నారు.

ఒక ఆదివారం తనకు ఈ విద్య నేర్పిన రహంతుల్లా మాస్టారి దగ్గరికి లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళింది.

"కంపెనీల్లో అయితే గదినిండా మనుషులుంటారు మాస్టారూ. నేనా, ఒక్కదాన్ని. అదీ తీరిక వేళల్లో. ఇంకేం కలిపితే జనం నిలబడతారు?"

మాస్టారు కుర్చీ దిగి నేలమీద చతికిలబడ్డారు. కుడి పాదం రెండు చేతులతో పట్టుకున్నారు.

"నన్ను పాము కరిచింది. ఇదిగో నా ఫోను. ఎక్కడికి పోవాలో చూసి చెప్పు."

పైడితల్లి నవ్వుతూ ఫోను అందుకుంది. తన సైటు తెరిచింది. అది ముందు పేరడిగింది. ఊరడిగింది. ఫోను నంబరుకి కోడ్ పంపానంది. కోడ్ రావడానికి కాసేపు పట్టింది. అది కొట్టాక, పడగ విప్పి ఊగే నాగుపాము బొమ్మ మెల్లగా తెరంతా పరుచుకుంది.

పైడితల్లి మొహంలో నవ్వు మాయమైంది. తలెత్తి చూసింది. మాస్టారు పాదం వదల్లేదు. ఆమెనే చూస్తున్నారు.

"లేవండి మాస్టారూ. అసలే మీకు మోకాళ్ళ నొప్పులు."

"పాము కరిచినవాణ్ణి. ఎలా లేస్తాను?"

ఆమె అక్కడే, ఆయన ఎదురుగా కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. పేరడిగే పేజీ తీసేసింది. కోడ్ తీసేసింది. నాగుపాము దగ్గర చెయ్యి ఆగింది. ఎన్ని ఆదివారాలు ధారపోసి గీసిందో దాన్ని! కళ్ళు మూసుకుని అదీ తీసేసింది.

పొద్దు వాలింది. మాస్టారు నేలమీంచి కదల్లేదు. మంచినీళ్ళు కూడా అడగలేదు.

చివరికి ఫోను ఆయన చేతికిచ్చింది. ఈసారి సైటు ఏమీ అడగలేదు. తెల్లటి పేజీ. మందు ఉన్న ఆసుపత్రుల పేర్లు, పక్కనే ఫోన్ నంబర్లు. అంతే.

"ఇందులో నా పనేమీ కనిపించడం లేదు మాస్టారూ" అంది, గొంతు తగ్గించి.

మాస్టారు ఆ పేజీని చాలాసేపు చూశారు. ఆయన కళ్ళు మెరిశాయి. ఆమె వైపు చెయ్యి చాపారు.

"లేవదియ్యి తల్లీ. బతికాను."