తాహెర్ చెప్పిన సలాము

మీ తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, అనగనగా ఉప్పు అమ్ముకునే ముగ్గురు అన్నదమ్ములు ఉండేవారు. పెద్దవాడు జబ్బార్, నడిమివాడు ముస్తాక్, చిన్నవాడు తాహెర్. ఎద్దుల మీద ఉప్పు బస్తాలు వేసుకుని ఊరూరా తిరిగేవారు.

ఒక ఎండాకాలం రాళ్లదారిన పోతుంటే ముళ్లకంప గీరుకుని తోలుతిత్తి చిరిగింది. తాగే నీళ్లన్నీ నేలపాలయ్యాయి. మధ్యాహ్నమయ్యేసరికి, అన్నిటికన్నా ముందు నడిచే ఎద్దు నురగలు కక్కుతూ కూలబడింది. చుట్టూ చెరువు లేదు, వాగు లేదు. దారి పక్కన మట్టిగోడల మధ్య ఒక ఇల్లు, గోడ మీదుగా పచ్చని దానిమ్మ కొమ్మలు మాత్రం కనిపించాయి.

"చెట్టు అంత పచ్చగా ఉందంటే లోపల బావి ఉన్నట్టే!" అన్నాడు జబ్బార్.

ఆ ఇంట్లో సకీనాబీ అనే ముసలమ్మ ఒంటరిగా ఉంటోంది.

జబ్బార్ తలుపు తోసుకుని వాకిట్లోకి దూసుకుపోయాడు. "ఎవరే లోపల? నీళ్లు తోడు, తొందరగా!"

సకీనాబీ చీపురు పట్టుకుని వచ్చింది. "ఇది నీ అత్తగారిల్లనుకున్నావా? పో బయటికి!" అని తరిమి గడియ వేసుకుంది.

"నీది మోటు నోరన్నా. నేను అడుగుతా చూడు" అని ముస్తాక్ గోడ ఎగబాకి లోపలికి తొంగి చూశాడు. "ఓ మహారాణీ! నీ అంత దయగల తల్లి ఈ లోకంలోనే లేదు!"

సకీనాబీ అప్పుడే తల తుడుచుకుంటోంది. ఉలిక్కిపడి కొంగు కప్పుకుంది. "పరాయి ఇంట్లోకి తొంగి చూసేవాడికి నేను తల్లినా?" అంటూ చేంతాడు, బొక్కెన రెండూ తీసుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది.

అప్పుడు తాహెర్ వెళ్లాడు. తలుపుకు ఎదురుగా కాక, పక్కకు జరిగి నిలబడ్డాడు.

"అస్సలాము అలైకుమ్, అమ్మా! నా పేరు తాహెర్, ఉప్పు అమ్ముకునేవాణ్ణి. లోపలికి రావచ్చా?"

జవాబు లేదు. కాసేపు ఆగి మళ్లీ సలాం చెప్పాడు. జవాబు లేదు. గొంతు ఎండిపోతున్నా మెల్లగా మూడోసారి చెప్పాడు. అప్పుడూ ఎవరూ పలకలేదు.

మూడుసార్లు అడిగినా పిలుపు రాకపోతే నొచ్చుకోకుండా వెనుదిరగాలని ప్రవక్తగారు నేర్పారు. తాహెర్ అలాగే వెనుదిరిగాడు.

"తలుపు బాదలేకపోయావట్రా?" అని జబ్బార్ మండిపడ్డాడు.

"నీ మర్యాద తొట్టిలో పోసి ఎద్దు ముందు పెట్టు. తాగుతుందేమో!" అన్నాడు ముస్తాక్.

తాహెర్ తలపాగా విప్పి ఎద్దు ముఖానికి నీడ పట్టాడు. ఎద్దు కళ్లు మూతలు పడుతున్నాయి. నా చేతులారా దీన్ని చంపుతున్నానా అనుకున్నాడు తాహెర్.

అంతలో గడియ తీసిన చప్పుడు! సకీనాబీ రొప్పుతూ వచ్చింది.

"ఇందాక సలాం చెప్పింది ఎవరు?"

"నేనేనమ్మా."

"వ అలైకుముస్సలాం వ రహ్మతుల్లాహి వ బరకాతుహు! నమాజులో ఉన్నాను నాయనా, మధ్యలో పలకకూడదు కదా. చెప్పిన సలాముకు అంతకన్నా మంచి జవాబివ్వాలి, అందుకే అల్లాహ్ కరుణనూ దీవెనలనూ కలిపి చెప్పాను. వెళ్లిపోతావేమోనని పరుగెత్తుకొచ్చాను."

అప్పుడే ఆమె కన్ను వెనకున్న ఇద్దరి మీద పడింది. ముఖం మారిపోయింది. "వీళ్లు నీకేమవుతారు?"

ఎవరో తెలియదని చెప్పమన్నట్టు ముస్తాక్ కన్ను గీటాడు.

"మా అన్నలమ్మా" అన్నాడు తాహెర్. "వాళ్ల తప్పుకు నేను క్షమాపణ అడుగుతున్నాను. మాకు ఇవ్వకపోయినా సరే, ఈ నోరులేని జీవానికి ఒక్క బొక్కెన నీళ్లు పోయండి."

ముసలమ్మ కాసేపు ఎద్దునే చూసింది. "దానికీ పోస్తాను, నీకూ పోస్తాను. వీళ్లను మాత్రం గడప దగ్గరికొచ్చి మనుషుల్లా అడగమను!"

అని ఆమె లోపలికి వెళ్లింది. ఇంకేముంది! అన్నలిద్దరూ తలలు వంచుకుని తలుపు పక్కన నిలబడ్డారు. ఎండిన గొంతుతో జబ్బార్ చెప్పిన సలాం బెకబెకమంది.

"ఎవరది, కప్పా?" అని లోపలి నుంచి నవ్వింది సకీనాబీ. "వ అలైకుముస్సలాం! రండి, రండి."

గిలక కిర్రుమంది. ఎద్దు ఒక బొక్కెన తాగింది, ఇంకొకటి తాగింది. చెవులు విదిలించి లేచి నిలబడింది. జబ్బార్ దాని మెడ కావలించుకుని, "అల్‌హమ్దులిల్లాహ్!" అని గట్టిగా ఊపిరి వదిలాడు. తాహెర్ ఆ తర్వాతే తొలి గుక్క తాగాడు.

కాబట్టి పిల్లలూ, ఎంత అవసరంలో ఉన్నా ఎదుటివారి గడపను గౌరవించి మంచి మాటతో అడగండి. జవాబు ఆలస్యమైనా ఆ మాట వృథాగా పోదు.