ఏటి రంగు

ఏటికి ఎగువన అద్దకం ఊరు, దిగువన వరి ఊరు. అద్దకం తొట్ల నీళ్లు ఏట్లో వదలడం మాన్పించాలా అని రాజుగారు అడిగితే, ఎగువ ఊరి కరణం ఏరు తేటగా ఉందన్నాడు, దిగువ ఊరి కరణం ఆ నీళ్లకు పైరు మాడిపోతోందన్నాడు. ఇద్దరిలో అబద్ధాలకోరెవరో తేల్చి కొలువు ఊడగొట్టాలని రాజుగారే పడవెక్కారు.

పడవ నడిపే పైడమ్మకు ఇద్దరూ తెలుసు. ఇద్దరూ మంచివాళ్లే. "తొందరపడకండి దొరా. ఆ కరణంగారిని ఈ ఊరికి, ఈ కరణంగారిని ఆ ఊరికి మార్చండి. కోతలయ్యాక మళ్లీ అడగండి," అంది.

కోతలయ్యాక రాజుగారు మళ్లీ వచ్చి అడిగారు. అద్దకం ఊరికి మారినాయన ఏరు తేటగా ఉందన్నాడు. వరి ఊరికి మారినాయన పైరు మాడిపోతోందని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"అబద్ధం కాదు దొరా," అంది పైడమ్మ, రాజుగారిని తిరిగి ఏరు దాటిస్తూ. "ఊరు పెట్టే గింజలతో బతికేవాళ్లు ఊరి కళ్లతోనే చూస్తారు."

రాజుగారు జాలిగా నవ్వారు. "కూడు మనిషిని అంత గుడ్డివాణ్ణి చేస్తుందా? ఏ ఊరి గింజా తినని నేను చెబుతున్నాను, ఏరు బాగానే ఉంది."

పైడమ్మ తెడ్డు ఆపింది. "తమరి భుజం మీది నీలి ఉత్తరీయం ఏ ఊరి అద్దకం దొరా?"

రాజుగారు ఉత్తరీయం తీసి ఒళ్లో పెట్టుకుని, ఏటిని మళ్లీ చూశారు. ఏరు కూడా అదే రంగులో ఉంది.