రాజుగారు సర్దిన గది

ఏ రాజ్యమని మాత్రం అడక్కండి. పేరు చెబితే అక్కడివాళ్ళు ఇప్పటికీ నొచ్చుకుంటారు. ఒకానొక రాజ్యం, అంతే. దాన్ని ఏలే కంఠీరవ మహారాజుకు పరాక్రమం కంటే పరిశుభ్రత మీద గర్వం ఎక్కువ. ఆయన ఏనుగులు ఎత్తు వారీగా నిలబడాలి. మంత్రుల తలపాగా కొసలు ఒకే పొడవున వేలాడాలి. తోటలో ఆకు రాలితే అది నేల తాకకముందే తోటమాలి పట్టుకోవాలి. భట్రాజులు ఆయన్ని "శత్రుభయంకరా" అని పిలిచేముందు "ధూళిభయంకరా" అని పిలిచేవారు. ఆయన అది నిజమైన బిరుదే అనుకుని తల పంకించేవాడు.

మునుపు ఇంత విపరీతం లేదు. ఏడాది కిందట మహారాణి తారావళీదేవి మూడు రోజుల జ్వరంతో కన్నుమూసింది. కర్మకాండ ముగిసిన రోజున రాజు ఆమె గదికి తన చేత్తోనే తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకున్నాడు. అందులోకి ఎవరూ అడుగు పెట్టకూడదన్నాడు. కంట తడి మాత్రం పెట్టలేదు. మర్నాటి నుంచి కోటంతా కడిగించడం మొదలుపెట్టాడు. ఏడవడం చేతకాని మనిషి చేతిలో అధికారం ఉంటే ఇంతే మరి, ఊళ్ళో చీపుర్లు అరిగిపోతాయి.

కోటంతా తళతళలాడుతున్నా ఒక్క గది మాత్రం ఆయన మాట వినలేదు. అది ఆయన ఒక్కగానొక్క కూతురు, ఏడేళ్ళ కువలయ పడకగది. తలుపు తీస్తే చాలు, కొయ్యబండి కాలికి తగిలేది. పరుపు మీద బొమ్మలు, కిటికీలో ఒక కాలి గజ్జె, నేల మీద అష్టాచెమ్మా పలక, దాని చుట్టూ గవ్వలు, సగం గుచ్చి వదిలేసిన పూసలు. దాది గంగసాని వాటి మధ్యలోంచి వేలితో ఊడ్చినట్టు ఊడ్చేది. ఒక్క గవ్వ కదిలినా పిల్ల గుక్కపెట్టి ఏడ్చేది.

రాజు ముందు గది గుమ్మంలో శాసనం చదివించాడు. పిల్ల అది వింటూ నిద్రపోయింది. తర్వాత గది సర్దితే ముత్యాల పల్లకీ ఇస్తానన్నాడు.

"ఎక్కడ పెట్టుకోను? గదిలో చోటు లేదుగా నాన్నగారూ" అంది.

ఆఖరికి కసిరాడు. కువలయ రెండు రోజులు అన్నం ముట్టలేదు. రాజుకు పౌరుషం ముంచుకొచ్చింది. "శుక్రవారం పొద్దుగూకేలోగా గది సర్దకపోతే అందులో ఉన్నవన్నీ మూటగట్టి ఏట్లో పారేయండి" అని ఆజ్ఞ ఇచ్చేశాడు.

గంగసాని కొంగు నోట్లో కుక్కుకుంటూ పేరయ ఇంటికి పరుగెత్తింది. పేరయ అంటే ఆ కొలువు విదూషకుడు, రాజుగారి మొహం మీద మాట అనగల ఒకే ఒక్క మనిషి. మహారాణి పోయాక ఆయన కూడా చమత్కారాలు తగ్గించుకున్నాడు.

"అయ్యా, తల్లి పోయింది మొదలు ఆ బొమ్మల్ని చూసుకునే బతుకుతోంది బిడ్డ. అవి ఏట్లో పడితే పిల్ల మనకు దక్కదు" అంది దాది.

పేరయ తిన్నగా సభకు వెళ్ళాడు. "ప్రభూ, ఆ గది నేను సర్దిస్తాను."

రాజు ఎగాదిగా చూశాడు. "చక్రవర్తులే నా మాటకు అడుగులు వెనక్కి వేశారు. నేను చేయించలేనిది నువ్వు చేయిస్తావా? సరే. పిల్లను కసరకూడదు, ఆశ పెట్టకూడదు, నీ చెయ్యి దేన్నీ తాకకూడదు. ఓడిపోతే బతికినన్నాళ్ళూ ఈ సభలో నోరు విప్పకూడదు."

"అలాగే ప్రభూ. నా నోటి మాట పోతే పోనీ, పిల్ల బొమ్మలు దక్కితే చాలు" అన్నాడు పేరయ.

ఆయన కువలయ గదికి వెళ్ళి లోపలికి పోకుండా గడప బయటే చతికిలబడ్డాడు. పిల్ల అనుమానంగా చూసింది.

"నువ్వూ సర్దమనడానికే వచ్చావా తాతా?"

"లేదు తల్లీ, చూద్దామని వచ్చాను. ఈ బండి గుమ్మానికి అడ్డంగా ఎందుకుంది?"

"అమ్మ తోసింది. ఇక్కడి దాకా వచ్చి ఆగింది."

"ఆ పూసలో?"

"సగం అమ్మ గుచ్చింది. మిగతావి రేపు గుచ్చుదాం అంది."

"మరి ఈ గవ్వలు?"

"నా వంతు. నాకు అష్ట పడితే నేను గెలిచినట్టు, పడకపోతే అమ్మ గెలిచినట్టు." పిల్ల గొంతు తగ్గింది. "వేస్తే ఆట అయిపోతుందిగా తాతా. అందుకే వెయ్యలేదు."

పేరయ ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నాడు.

పిల్లే మళ్ళీ అంది. "నాన్నగారు కూడా అమ్మ గది సర్దలేదు. కిటికీ సందులోంచి చూశాను. అమ్మ చీర మంచం మీద అలాగే పడి ఉంది. ఆయన సర్దితే నేనూ సర్దుతాను."

పేరయ లేచి, ఆ కిటికీ సందులోంచి తనూ ఒకసారి తొంగిచూసి, సభకు నడిచాడు. "ప్రభూ, అమ్మాయిగారు ఒప్పుకున్నారు."

సభ నోరు తెరిచింది. రాజు మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

"కాకపోతే చిన్న మాట. ఈ కోటలోనే తన గది కంటే అధ్వాన్నమైన గది ఇంకొకటి ఉందట. అది సర్దిన గడియలోనే తనదీ సర్దుతుందట."

"నా కోటలోనా?" రాజు సింహాసనం మీద నుంచి లేచాడు.

"నేనూ చూసి వచ్చాను ప్రభూ. ఏడాదిగా పరుపు దులపలేదు. దూలం నుంచి బూజు వేలాడుతోంది. ఎప్పటి పూలో పళ్ళెంలో ఎండి పొడైపోయాయి."

"ఎవడా అప్రాచ్యుడు? సేనాపతైనా సరే, రాజబంధువైనా సరే! తన గది తన చేతులతోనే, ఈ రోజే సర్దుకోవాలి. ఒక్క నౌకరు కూడా సాయం పట్టకూడదు. ఇది కంఠీరవుడి ఆజ్ఞ!"

"లేఖకుడుగారూ, రాశారా? ప్రభువుల ముద్ర కూడా పడితే మళ్ళీ ఎవరూ తప్పించుకోరు" అన్నాడు పేరయ.

రాజు లక్క మీద ముద్ర గట్టిగా నొక్కి, "ఇప్పుడు చెప్పు, వాడెవడు?" అన్నాడు.

"ఆ గది తాళంచెవి ప్రభువుల మొలలో ఉంది."

రాజు మొహం కందగడ్డ అయింది. చెయ్యి కత్తి పిడి మీదికి పోయింది.

"పేరయా, నీ తల తీయించగలను."

"తీయించండి. కానీ ముందు గది సర్దండి ప్రభూ, లక్క ఇంకా ఆరలేదు." అని పేరయ చేతులు జోడించాడు. ఈసారి ఆయన గొంతులో చమత్కారం లేదు. "అమ్మాయి మొండిది కాదు ప్రభూ. మిమ్మల్ని చూసి నేర్చుకుంది."

రాజు కిరీటం తీసి సింహాసనం మీద పెట్టి అంతఃపురం వైపు నడిచాడు.

తాళం తుప్పు పట్టి ఉంది, తలుపు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. లోపల తమలపాకులు ఎండి నల్లబడి ఉన్నాయి. దువ్వెనలో రెండు పొడుగాటి వెంట్రుకలు ఉన్నాయి. మంచం మీద చిలకపచ్చ చీర, ఆమె విడిచినట్టే పడి ఉంది. రాజు దాన్ని చేతుల్లోకి తీసుకుని నేల మీద కూలబడ్డాడు. ఏడాదిగా ఆపుకున్న ఏడుపంతా ఏడ్చాడు. తలుపు చప్పుడుకు వచ్చిన కువలయ పెద్దవాళ్ళు అలా ఏడవడం ఎప్పుడూ చూడలేదు. గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఏడుపు తగ్గాక ఆయన చీర మడవబోయాడు. ఇటు మడిస్తే అటు జారింది. అటు లాగితే ఇటు నలిగింది. రాజ్యాలు చుట్టబెట్టిన మనిషికి చీర మడవడం రాలేదు.

"నాకు చేతకావడం లేదమ్మా" అన్నాడు.

పిల్ల లోపలికి వచ్చింది. "ఒక్కరే మడవలేరు నాన్నగారూ. ఆ కొస మీరు పట్టుకోండి. ఈ కొస నేను పట్టుకుంటాను. ఇప్పుడు ఇటు రండి. మళ్ళీ పట్టుకోండి. మళ్ళీ రండి." అమ్మ నేర్పిందట.

మడత మడతకూ ఆ తండ్రీకూతుళ్ళు ఒకరికొకరు దగ్గరవుతూ వచ్చారు. ఆఖరి మడతకు పిల్ల చేతులు ఆయన చేతుల్లో ఉన్నాయి. ఆయన చీరతో పాటు పిల్లనూ ఎత్తుకున్నాడు.

ఆ సాయంత్రం కువలయ తండ్రిని తన గదికి తీసుకెళ్ళింది. గవ్వలు దోసిట్లో గిలకరించి కళ్ళు మూసుకుని వేసింది. రెండు పడింది.

"అమ్మే గెలిచింది" అంది. కళ్ళు తుడుచుకుంటూ గవ్వలు ఒక్కొక్కటే ఏరి బుట్టలో వేసింది. బండి బల్ల కిందికి పోయింది. బొమ్మలు పెట్టెలోకి పోయాయి. రాజు ఆమె ఏది ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాడు.

వారం గడిచింది. నిండు సభలోకి గంగసాని రొప్పుతూ వచ్చి పడింది. "ప్రభూ, క్షమించండి! అమ్మాయిగారు మళ్ళీ గదంతా చిందరవందర చేసేశారు!"

మంత్రులు తలపాగాలు సవరించుకుని బిక్కుబిక్కుమంటూ చూశారు.

"ఏం చేసింది?" అన్నాడు రాజు.

"బొమ్మలకు పెళ్ళి చేస్తున్నారు. పరుపు మీద పందిరి వేశారు. మంచం నిండా అక్షింతలు. దాసీల పిల్లల్ని కూడా పిలుచుకున్నారు."

రాజు పేరయ వంక చూశాడు. "పేరయా, ఏడాదిగా ఆ గదిలో ఒక్కటే చిందరవందర. ఇది కొత్తది!" అని నవ్వాడు. తారావళీదేవి పోయాక ఆ సభ విన్న మొదటి నవ్వు అది. నవ్వుతుంటే కళ్ళలోంచి నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు. మెడలో హారం తీసి పేరయ మెడలో వేశాడు.

"ఇంకా పన్ను విచారణ మిగిలి ఉంది ప్రభూ" అన్నాడు మంత్రి.

"రేపు చూద్దాం" అని రాజు లేచాడు. "దీపాలు పెట్టే వేళవుతోంది. పాపం, పిల్ల ఒక్కర్తే సర్దుకోలేదు."