ముంతకొక పురుగు

"నల్లరెక్కల చెల్లీ, మా జమ్ములోకి రావే,
జమ్ములోకి వస్తివా, నీకు..."

నీకేదో పెడతామనే పాడేవాళ్ళం. ఏం పెడతామన్నామో మరిచిపోయాను. ఆ నల్లరెక్కల తూనీగను మాలో ఎవరూ చూసింది లేదు.

వినండి నాయనా. అనగనగా అంటే మరీ అనగనగా కాదు, నేను కొత్త కోడలిగా ఉన్న నాటి మాట. మా ఊరి మడుగును వెనకటివాళ్ళు ఎండగట్టి పొలం చేశారు. పొలమూ పండలేదు. మళ్ళీ ఊరంతా కలిసి గండి పూడ్చాం. నీళ్ళొచ్చాయి. జమ్ముగడ్డి మొలిచింది. తూనీగ రాలేదు. దోమ వచ్చింది, దాని వెంట చలిజ్వరం వచ్చింది.

"వచ్చే వానల్లోగా దోమ తగ్గకపోతే మడుగు తెగ్గొట్టేద్దాం" అన్నారు పెద్దలు.

ఆ మాటకు తవిటయ్య మావ అన్నం మానేశాడు. జమ్ము కోసి చాపలల్లేవాడాయన. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. మడుగొడ్డున ఒక్క గుడిసె. "తూనీగలుంటే దోమలుండవు, నేను తెస్తా" అని కొండవతల ఊటకుంటకు నడిచాడు.

మొదటిసారి తూనీగల్ని పంచెలో మూటగట్టి తెచ్చి వదిలాడు. వచ్చిన దారినే పోయాయి.

రెండోసారి తోకలకు దారాలు కట్టి జమ్ముకు ముడేశాడు, పిల్లలు ఆడుకున్నట్టు. తెల్లారేసరికి చచ్చి వేలాడుతున్నాయి. ఒక్కో దారమూ విప్పుతూ ఏడ్చాడు.

మూడోసారి ఆయన చూస్తుండగానే ఆ కుంటలో ఒక మురికి పురుగు జమ్ముకాడ పట్టుకుని నీళ్ళలోంచి పైకి పాకింది. దాని వీపు చిట్లింది. లోపల్నుంచి తూనీగ వచ్చింది! అయితే వీటి పిల్లలు నీళ్ళల్లో ఉంటాయన్నమాట, అనుకున్నాడు. కుండ నిండా ఆ పురుగుల్ని పట్టుకొచ్చాడు. ఊరు చేరి మూత తీస్తే ఒకటే మిగిలింది, బాగా బలిసి. మిగతావాటిని అదే తినేసింది.

మూడుసార్లూ ఒంటరిగానే వెళ్ళాడు. అప్పుడిక ఇంటింటికీ వచ్చాడు.

"ముంతకొక్క పురుగే ఉండాలి. నాకున్నవి రెండే చేతులు. ఇంటికొకరు రండమ్మా."

"పురుగుకో పల్లకీనా!" అని నవ్వింది మా అత్త. "నీకు పెళ్ళయినా ఇంత ఊరేగింపు జరిగేది కాదు తవిటా!"

"అందుకే, ఇప్పుడైనా రా వదినా."

అందరికన్నా ముందు ముంత పట్టింది మా అత్తే.

ముంతలు నెత్తినెత్తుకుని, తొణక్కుండా కొండ దిగొచ్చాం. పురుగుల్ని మడుగులో వదిలి ఎవరిళ్ళకు వాళ్ళం పోయాం. మావ ఒక్కడే ఉండిపోయాడు. రోజూ జమ్ముకాడలు చూసుకునేవాడు. చలికాలం పోయింది. ఆయనకూ జ్వరం పట్టింది. ఆయన బదులు జమ్ముకాడలు చూసి, నేను గంజి తీసుకెళ్ళేదాన్ని.

"చూశావా కోడలా?"

"ఏమీ లేదు మావా."

అలా ఎన్ని పొద్దులో.

వానలు ఇంకా పడలేదు. ఒక పొద్దున ఒక కాడకు పురుగు విడిచిన ఖాళీ తొడుగు నాకు కనిపించింది. పక్కకాడకు ఇంకొకటి. తలెత్తితే మడుగు మీదంతా నల్లరెక్కలు.

దోమ తగ్గింది. మడుగును ఎవరూ తెగ్గొట్టలేదు. తవిటయ్య మావ మాత్రం ఆ వానలు చూడలేదు. ఇప్పటికీ ఏటా తూనీగలు లేచిన రోజు మా ఊళ్ళో ఎవరూ ఇంటి లోపల కూర్చోరు. ముసలివాళ్ళకు కూడా వాకిట్లోనే మంచాలు వేస్తారు.

ఆ పొద్దున నేను పరిగెత్తి వెళ్ళి చెబితే, నులకమంచం మీంచి లేవబోయి, లేవలేక, ఆయన నాతో అన్న ఆఖరు మాట ఇదీ:

"నన్ను బయట కూచోబెట్టమ్మా. ఎన్నడూ రాని చుట్టాలొచ్చారు. నేను లోపల పడుకుంటే, ఈ ఇంట్లో ఎవరూ లేరనుకుని పోతారు."